వాకిట్లో కెమెరా ఎవరిది?



మా అమ్మ తెనాలిలో ఉంటుంది. తాతగారు కట్టించిన ఇల్లు. 18 అంగుళాల గోడలు, పైన మద్రాసు టెర్రస్, ముందు వసారా, వెనక పెరడు. వంటింటి అలమరలో ఒక పాత ట్రాన్సిస్టర్ ఉంది. పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టి, దాన్ని చేత పట్టుకుని అమ్మ బావి దగ్గరికి వెళ్లినా, గదిలోకి వచ్చి మంచం మీద పెట్టుకున్నా పాట తెగదు. అదే ఇంట్లో, డల్లాస్ నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేస్తే, అమ్మ ఫోను పట్టుకుని వంటింటి గుమ్మం దాటేసరికి వాడి మొహం ముక్కలు ముక్కలై ఆగిపోయేది. "నా రేడియో పాటి చెయ్యదేమే మీ వైఫై" అనేది అమ్మ.

అమ్మ పోలిక సరైనదే. వైఫై కూడా రేడియోనే. విజయవాడ కేంద్రం మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్‌లో వినిపిస్తుంది. ఆ తరంగం పొడవు దాదాపు 358 మీటర్లు. అంత పొడుగు తరంగానికి మా ఇంటి గోడ అడ్డే కాదు. పైగా దాన్ని పంపే ట్రాన్స్‌మిటర్ శక్తి కిలోవాట్లలో ఉంటుంది. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, అంటే జానలో సగం. 5 గిగాహెర్ట్జ్‌ది బెత్తెడు కూడా ఉండదు. రౌటర్ పంపే శక్తి సుమారు ఒక వాటులో పదోవంతు. ఆ కాస్త శక్తినీ తాతగారి గోడ సున్నంలో, ఇటుకలో పీల్చేసుకుంటుంది. ఇనప బీరువా అయితే వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి కొట్టేస్తుంది. నేను చాలా ఏళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. అయినా మా ఇంటి రౌటర్ ఐదేళ్లుగా టీవీ స్టాండు కింది అరలో, బీరువా పక్కన కూర్చుని ఉందని నాకు తట్టలేదు. ఎవరో వచ్చి అక్కడ పెట్టి వెళ్లారు, అక్కడే ఉండిపోయింది.

నేను తెనాలి వెళ్లింది మాత్రం వైఫై కోసం కాదు. "అక్కా, కెమెరా తెరుచుకోవడం లేదు, నాలుగు రోజులైంది" అని తమ్ముడు ఫోన్ చేశాడు. ఐదేళ్ల కిందట, నాన్న చనిపోయిన ఏడాది, ఊళ్లో ఒక షాపు వాళ్లను పిలిచి రెండు కెమెరాలు పెట్టించాం. ఒకటి గేటు వైపు, ఒకటి వసారాలో. తమ్ముడి ఫోన్లో కనిపించేవి, వాడికి ధైర్యంగా ఉండేది. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చి చూద్దామంటే ఓటీపీ మాకు రావడం లేదు. ఎవరి నంబరుకు వెళ్తోందో తెలియదు. షాపు ఎత్తేశారు. అడగ్గా అడగ్గా, అప్పుడు కెమెరాలు బిగించిన కుర్రాడు దొరికాడు. వేరే పని చేసుకుంటున్నాడు. పిలిస్తే పాపం వెంటనే వచ్చాడు.

వసారాలో బల్ల మీద కూర్చుని, తన ఫోన్ తీసి, ఆప్ తెరిచాడు. వరసగా పేర్లు. టీచరమ్మగారు, రైస్‌మిల్లు, డాక్టర్‌గారి డాబా, రెడ్డిగారు గేటు. వేలితో పైకి జరుపుతుంటే ఇంకా వస్తూనే ఉన్నాయి, ముప్పైకి పైగా ఇళ్లు. "పార్టీలకి తెలీదు కదండీ మేడం. అందుకని మా నంబరుతోనే అకౌంటు చేసేసి, షేర్ ఇచ్చేవాళ్లం" అన్నాడు. మా ఇంటి పేరు నొక్కాడు. మాకు తెరుచుకోనిది అతని ఫోన్లో తెరుచుకుంది. వసారా కనిపించింది. పేము కుర్చీలో అమ్మ కనిపించింది. ఆ క్షణాన అమ్మ తలంటి పోసుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ మా ఎదురుగానే కూర్చుని ఉంది. తల తిప్పి ఆ ఫోన్లో తనని తాను చూసుకుంది. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ కుర్రాడిది దురుద్దేశం కాదని నేను నమ్ముతున్నాను. రెండోసారి అడిగించుకోకుండా మా ఇంటిని తన ఫోన్లోంచి తీసేశాడు. మిగతావాళ్లకూ చెప్పి తీసేస్తానన్నాడు. కానీ ఐదేళ్లపాటు మా అమ్మ వాకిలి ఒక బయటి మనిషి జేబులో ఉంది. ఆ ఫోన్ ఎక్కడైనా పోయి ఉంటే? రిపేరుకిచ్చి ఉంటే? అమ్ముకుని ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక అమ్మతో చెప్పాను, ఈసారి మనమే చేసుకుందామని.

ఇది మా ఒక్క ఇంటి గోల కాదు. 2016లో మిరాయ్ అనే పురుగు, అంటే ఒక ప్రోగ్రాము, ఇంటర్నెట్ మీద పడి ఇంటింటి తలుపూ తట్టింది. అది పెద్ద తెలివి ఏమీ ఉపయోగించలేదు. కంపెనీలు తయారుచేసేటప్పుడే పెట్టి పంపే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు ఓ అరవై చిల్లర దాని దగ్గర ఉన్నాయి. అడ్మిన్, 12345, 888888 లాంటివి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వేసి చూసింది. అలా లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లు దాని చెప్పుచేతల్లోకి వెళ్లాయి. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిలో చాలా కలిసి, వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే సంస్థ మీద పడితే, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఎవరి ఇంటి కెమెరా ఆ దాడిలో ఉందో ఆ ఇంటివాళ్లకు తెలియదు. వాళ్ల తెర మీద గేటు ఎప్పటిలాగే కనిపిస్తూ ఉండి ఉంటుంది. మన దేశంలో 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు గుర్తింపు పొందిన ప్రయోగశాలల్లో భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. మంచి పని. కొనేటప్పుడు ఆ పరీక్ష నెగ్గిన మోడలేనా అని షాపులో అడగండి. అయితే పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్ మార్చాల్సింది, ఎవరి నంబరు మీద అకౌంటు తెరిచారో చూసుకోవాల్సింది మాత్రం మనమే.

ముందు వైఫై సంగతి చూశాం. కొత్త రౌటర్ కొనడానికి పరుగెత్తలేదు. ఫోన్లో సిగ్నల్ బలం చూపించే ఉచిత ఆప్ ఒకటి వేసుకుని, ఒక తెల్లకాగితం మీద ఇంటి ప్లాను గీసుకుని, గది గదికీ తిరిగాను. ఆ బలం మైనస్ అంకెల్లో ఉంటుంది. హాల్లో మైనస్ 45. వంటింట్లో మైనస్ 78. ఈ లెక్కలో 10 తగ్గితే శక్తి పదోవంతుకు పడిపోయిందని అర్థం. అంటే రెండు గోడలు, ఒక బీరువా దాటేసరికి హాల్లో ఉన్నదాంట్లో రెండు వేలోవంతు మిగిలింది. తమ్ముడి మొహం ఎందుకు ముక్కలయ్యేదో అప్పుడు తెలిసింది.

ఇంటికి వచ్చే ఫైబర్ వైరును మనం లాగకూడదు, మడవకూడదు. లోపల ఉన్నది వెంట్రుకంత గాజు. అందుకని కేబుల్ వాళ్లను పిలిచి, ఆ పెట్టెను టీవీ స్టాండు కిందనుంచి నడవలోకి, ఆరడుగుల ఎత్తుకు మార్పించాను. అంతే. వంటింట్లో మైనస్ 66 వచ్చింది. రూపాయి పరికరం కొనకుండా సగం పని అయిపోయింది. ఇక చానల్. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి రాసుకోకుండా ఉండేవి మూడే, 1, 6, 11. మా వీధిలో అందరూ 6 మీదే ఉన్నారని ఆ ఆప్‌లోనే కనిపించింది. మేం 11కి జరిగాం.

పెరటి గదికి మాత్రం అది చాలలేదు. అక్కడ చాలామంది ఎక్స్‌టెండర్ అనే చిన్న డబ్బా కొని ప్లగ్గులో పెడతారు. మామూలు రకం ఎక్స్‌టెండర్ ఒకే చానల్ మీద విని, మళ్లీ దాని మీదే చెప్పాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. గోడలు ఇంత లావుగా ఉన్న ఇళ్లలో వైరు లాగడమే మేలు. నడవలోని రౌటర్ నుంచి పెరటి గదికి ఒక వైరు, దాని చివర రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెడితే ఫోన్ చాలావరకు తనంతట తానే అటు నుంచి ఇటుకు మారుతుంది.

వైరు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. క్యాట్-6 కేబుల్ అని అడిగితే షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి పూర్తి రాగి. ఇంకోటి అల్యూమినియం తీగకు పైన రాగి పూత. చూడ్డానికి రెండూ ఒకటే. చిన్న ముక్క తీసి బ్లేడుతో తీగను గీరి చూడండి. లోపల తెల్లగా మెరిసిందా, అది అల్యూమినియం. కెమెరాలకు డేటాతో పాటు కరెంటు కూడా అదే వైరులో పంపుతాం కాబట్టి పూత వైరు వద్దు. దూరం వెళ్లేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, తీగ వేడెక్కుతుంది, నాలుగు వంపులకు విరుగుతుంది.

ఇక ఆ వైరు చివర ప్లగ్గు బిగించడం. దీనికి ఒక సాయంత్రం పట్టింది నాకు. చెప్తాను వినండి. పైతొడుగును ఒకటిన్నర అంగుళాల మేర, లోపలి తీగలకు గాటు పడకుండా ఒలవాలి. లోపల రెండేసి తీగలు జడలా మెలికపడి నాలుగు జతలు ఉంటాయి. ఆ మెలిక ఊరికే పెట్టింది కాదు, ఒక జత గోల ఇంకో జతకు అంటకుండా చేస్తుంది. కాబట్టి అవసరమైనంత మేరే విప్పాలి. విప్పిన ఎనిమిది తీగలనూ బొటనవేలితో, చూపుడువేలితో సాగదీసి, వరసలో పేర్చాలి. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. గ్రీన్ జత మధ్యలో బ్లూ జత దూరుతుంది చూశారా, అక్కడే అందరూ తప్పుతారు. పూలు మాల కట్టేటప్పుడు కాడలు సమంగా పట్టుకుంటామే, అలా పట్టుకుని, కొసలు ఒక్క కత్తిరింపుతో సమం చేసి, ప్లగ్గులోకి తోయాలి. ప్లగ్గు ముక్కు వైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనిపించాలి. అప్పుడు క్రింపింగ్ టూల్‌లో పెట్టి గట్టిగా నొక్కాలి. నాకు మొదటి నాలుగు ప్లగ్గులు పోయాయి. ఐదోది టెస్టర్‌లో పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా పచ్చదీపాలు వరసగా వెలిగాయి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుని చూస్తోంది. ఆరో ప్లగ్గుకి రంగులు తనే పేర్చింది. డెబ్బై నాలుగేళ్ల చేతులు, పూలు కట్టే చేతులు. ఒక్కసారికే సరిగ్గా వచ్చింది.

పాత కెమెరాలకు త్రీ ప్లస్ వన్ కేబుల్ ఉండేది. బొమ్మకు ఒక తీగ, కరెంటుకు వేరే తీగ, చివర అడాప్టర్. వానాకాలం వస్తే ఆ జాయింట్లు తుప్పు పట్టేవి. కొత్తవాటికి ఒక్క క్యాట్-6 వైరే. రికార్డు చేసే పెట్టె దగ్గర పీఓఈ స్విచ్చి ఉంటుంది, అదే వైరులో 48 వోల్టుల డీసీ పంపుతుంది. 100 మీటర్ల దాకా పంపొచ్చు, మన ఇళ్లకు అంత అక్కర్లేదు. 48 వోల్టులు కాబట్టి ఆ వైరుతో మనం ధైర్యంగా పని చేసుకోవచ్చు. గోడలో కొత్త ప్లగ్ పాయింటు కావాలంటే మాత్రం, అది 230 వోల్టులు, ఎలక్ట్రీషియన్‌నే పిలవండి. నేనూ పిలిచాను. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద పట్టుకునే మనిషి ఉండాలి.

మూడు కెమెరాలు అనుకున్నాం. గేటుకొకటి, పక్క సందుకొకటి, పెరట్లో ఒకటి. మొదట అందరం చేసే తప్పు, వీలైనంత ఎత్తున పెట్టడం. రెండో అంతస్తు అంచున పెడితే వచ్చేవాడి నడినెత్తి తప్ప ఏమీ కనిపించదు. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో ఉంటే మొహం దొరుకుతుంది. లెన్సు కూడా చూసుకోవాలి. 2.8 మిల్లీమీటర్ల లెన్సు వాకిలంతా చూపిస్తుంది కానీ గేటు దగ్గరి మనిషిని చిన్నగా చేస్తుంది. గేటు దూరంగా ఉంటే 4 మిల్లీమీటర్లది నయం. రాత్రిపూట కెమెరా చుట్టూ ఉండే చిన్న దీపాలు మన కంటికి కనిపించని కాంతి వెదజల్లుతాయి. గూడు కట్టుకోవడానికి సాలీడుకు కూడా కెమెరా ముందు చోటే నచ్చుతుంది. ఒక్క పోగు అడ్డం పడితే చాలు, ఆ కాంతి దానిమీద పడి తెరంతా తెల్లటి పొగలా అయిపోతుంది, గేటు మాయమవుతుంది. ఎంత ఖరీదైన కెమెరాకైనా వారానికోసారి బూజుకర్ర తప్పదు.

హార్డ్ డిస్కు లెక్క సులువే. మా కెమెరా ఒక్కొక్కటి సెకనుకు 2 మెగాబిట్లు పంపేట్టు పెట్టాను. అది రోజుకు 21 గిగాబైట్ల చిల్లర. మూడింటికి 65. ఒక టెరాబైట్ డిస్కులో పదిహేను రోజులు నిలుస్తుంది, తర్వాత పాతవి చెరిపేసుకుంటూ పోతుంది. కరెంటు పోతే అన్నీ గుడ్డివే కాబట్టి, రికార్డు పెట్టెను, స్విచ్చిని ఇన్వర్టర్ లైనులో పెట్టాం. ఫైబర్ పెట్టెకు, రౌటర్‌కు విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉంది.

కెమెరాలను ఇంటి వైఫైతో కలపలేదు, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి పెట్టలేదు. రౌటర్‌లో బయటివాళ్లకు దారి ఇవ్వగల పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ, డబ్ల్యూపీఎస్ అనేవి ఉంటాయి. మూడూ ఆపేశాను. చుట్టాలకు, వచ్చేపోయే వాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఉంది. రౌటర్, రికార్డు పెట్టె, రెండింటి సాఫ్ట్‌వేర్ కొత్తది వేసి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు తీసేశాను. అకౌంటు అమ్మ నంబరు మీద తెరిచాం.

వసారా కెమెరా గురించి చెప్పకుండా ముగించలేను. ఆ పాతదాన్ని విప్పుతుంటే అమ్మ అంది, "అది పెట్టినప్పటినుంచీ జడ కూడా లోపలికెళ్లి వేసుకుంటున్నానే." ఐదేళ్లలో ఒక్కసారి కూడా మాకా మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. తమ్ముడు ఫోన్లో బతిమాలాడు, "అక్కా, అమ్మ జారి పడితే ఎట్లా తెలుస్తుంది?" అని. వాడి భయం నిజమైనదే. ఏడు సముద్రాల అవతల కూర్చున్నవాడికి ఆ చిన్న తెరే కదా ఆధారం. కానీ ఇల్లు అమ్మది. కలిసి ఉండేవాళ్ల ఒప్పుదల లేకుండా ఇంటి లోపలి భాగంలో కెమెరాలు నడపకూడదని కలకత్తా హైకోర్టు 2025లో ఒక ఇంటి తగాదాలో తీర్పు చెప్పింది, సుప్రీంకోర్టు దాన్ని మార్చలేదు. మాకు కోర్టు అవసరం లేకపోయింది. అమ్మను అడిగాం. వద్దంది. పక్కింటి పిన్నిగారికి ఒక తాళంచెవి ఇచ్చింది. పొద్దున ఏడింటికల్లా తనే తమ్ముడికి ఫోన్ చేస్తానంది. చేస్తోంది.

ఇంటి కెమెరా అసలు ఎందుకు పుట్టిందో తెలుసుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ప్రాంతంలో మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. వేళాపాళా లేని డ్యూటీలు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్, ఆయనవీ అలాంటి వేళలే. పోలీసులను పిలిస్తే ఎప్పటికో గాని వచ్చేవారు కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే ఎవరో తెలియక ఆమెకు భయం. అందుకని ఇద్దరూ కలిసి తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు కన్నాలు పెట్టి, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా అమర్చే పద్ధతి కనిపెట్టారు. పడగ్గదిలో కూర్చుని టీవీ తెర మీద బయటి మనిషిని చూడొచ్చు, మాట్లాడొచ్చు, మీట నొక్కి తలుపు తీయొచ్చు, లేదా సాయానికి గంట కొట్టొచ్చు. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, 1969 డిసెంబరు 2న వచ్చింది. ఇంట్లో ఉన్న ఆడమనిషి బయటివాణ్ణి చూడడం కోసం పుట్టిన వస్తువు అది. మన ఇళ్లకు వచ్చేసరికి ఇంట్లో ఉన్నావిడను బయటివాళ్లు చూసే వస్తువైంది. మా అమ్మ ఫోన్లో అసలు ఆ ఆప్ కూడా లేదు అన్నేళ్లూ.

ఇప్పుడు ఉంది. మొదట అమ్మ ఫోన్లో వేసి, ఆమె చేత తమ్ముడికీ నాకూ షేర్ ఇప్పించాను. తీసేయాలంటే ఎక్కడ నొక్కాలో కూడా చూపించాను, తనచేతే ఒకసారి నన్ను తీయించి, మళ్లీ కలిపించాను. పాస్‌వర్డులు అమ్మ పాల లెక్కల పుస్తకం చివరి పేజీలో ఆమె దస్తూరీలోనే ఉన్నాయి. ఆ పుస్తకం ఎక్కడుంటుందో మా ముగ్గురికే తెలుసు.

నేను హైదరాబాదు వచ్చిన పది రోజులకు, రాత్రి తొమ్మిది దాటాక అమ్మ ఫోన్ చేసింది. పెరటి గదిలోంచి మాట్లాడుతోంది, మాట ఎక్కడా తెగలేదు. "గేటు కెమెరాకి సాలీడు గూడు పట్టిందే, తెల్లగా కనిపిస్తోంది. పొద్దున పాలబ్బాయి చేత బూజుకర్రతో దులిపిస్తాలే" అంది.